అడుగున చైనా, పొట్ట మీద అరబ్బీ

పెళ్లిలో చదివించే స్టీలు గిన్నె అంచున మిషన్‌తో కొట్టించిన పేరు ఎవరిది? ఇచ్చినవాళ్లది. గిన్నె చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఇంత మామూలు సంగతి పాత సామాన్ల దగ్గరికొచ్చేసరికి మరిచిపోతాం. చైనాలో పోతపోసిన కంచు ధూపపాత్ర మీద అరబ్బీ రాత కనిపిస్తే అరబ్బుల సరుకని ఒకరంటారు, నకిలీ అని ఇంకొకరంటారు. రాతను బట్టి వస్తువు ఎవరి కోసమో తెలుస్తుంది. చేసిన చేతినీ కాలాన్నీ వేరేచోట వెతకాలి.

ఆ పాత్రను దగ్గరగా చూడండి. పొట్ట మీద వంపుల చట్రం, దాని నేలంతా గరుకు, ఆ గరుకు మీద ఉబ్బెత్తుగా అక్షరాలు. గీత లావుగా మొదలై కొసకు సన్నబడుతుంది. చైనా ముస్లింలు పెంచుకున్న ‘సీనీ’ దస్తూరీ అది. చాలావాటి మీద ఉండేది కలిమా, అంటే ఇస్లాం విశ్వాస వాక్యం. తిరగేస్తే అడుగున షువాన్‌దే చక్రవర్తి ముద్ర, అంటే 1426–1435 నాటిదని చెప్పినట్టు. ముద్రను నమ్మితే బోల్తాపడతాం. ఆ ముద్రను తర్వాతి శతాబ్దాల పోతగాళ్లు పెద్దల పేరు పెట్టుకున్నట్టు వేస్తూనే వచ్చారు. ఇక ధూపపాత్ర, సుగంధపు డబ్బీ, పటకారు పెట్టుకునే చిన్న కూజా కలిసిన సెట్టు అచ్చంగా చైనా ఇంటి అలవాటు. కొన్నది అక్కడి ముస్లింలే అయినప్పుడు ఇందులో అరబ్బు దేశం ఎక్కడుంది?

చుక్కలు తప్పాయి, అక్షరాలు అడ్డదిడ్డంగా కలిశాయి, కాబట్టి దొంగ సరుకే అంటారు కొందరు. పోతగాడికి అరబ్బీ రాకపోవచ్చు. అచ్చులో పడ్డ తప్పు లోహంలోనూ దిగుతుంది. పూడిమడక రేవులో పడవల మీద రిజిస్ట్రేషన్ నంబరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఒక అక్షరం వంకరపోతే పడవ దొంగదవుతుందా? చదవలేనివాడు వేసిన రాత ఉత్త నగిషీయే కదా అన్న ప్రశ్న ఇంతకన్నా గట్టిది. దానికి జవాబు మన పీర్ల పండగలో ఉంది. అరబ్బీ చెక్కిన పీరును భుజాన ఎత్తుకునేవాళ్లలో ఆ అక్షరాలు చదవలేని హిందువులు ఎందరో. అయినా ఊదు వేస్తారు, మొక్కు చెల్లిస్తారు. (ఊదు అరబ్బీ మాటే, అలాగని ఊదుబత్తిని ఎవరూ విదేశీ సరుకనరు.) హైదరాబాదు బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలోని ఆలములను (పీర్లను) అరేబియావని ఎవరూ అనరు. చైనా పాత్రకు మాత్రం వేరే లెక్క ఎందుకు?

మోసగాళ్లు లేరని కాదు. అడుగు ముద్ర ఒక్కటే చూపించి ధర చెప్పేవాడి ముందు పాత్రను ఇంకోసారి తిప్పి, కాళ్ల అరుగుదల, లోపలి మసి, అక్షరాల పక్కన గరుకు నేల ఎంత శ్రద్ధగా కుదిరిందో చూడాలి.