ఒకే చిప్, రెండు డ్రైవర్లు

2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదలైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో తయారుచేశారు. షావోమి మన దేశంలో తయారు చేయించిన మొదటి ఫోన్ అదే. వైఫైకి ఒకటి, బ్లూటూత్‌కు ఒకటి, ఎఫ్‌ఎంకు ఒకటి అంటూ అందులో విడివిడి చిప్‌లు లేవు. మూడింటికీ కలిపి ఒకటే రేడియో చిప్: క్వాల్‌కామ్ డబ్ల్యూసీఎన్3620. దాని బుర్ర మాత్రం స్నాప్‌డ్రాగన్ 410 లోపల ఓ చిన్న ప్రాసెసర్‌గా ఉండి, సొంత ఫర్మ్‌వేర్‌తో నడుస్తుంది.

ఈ ఉమ్మడి సొత్తును లినక్స్ కెర్నెల్‌తో నడిపించడానికి రెండు డ్రైవర్లున్నాయి. ఒకటి ఫోన్ కంపెనీలకు క్వాల్‌కామ్ ఇచ్చిన ప్రైమా (ఫోన్ పేరుతో దీనికి చుట్టరికమేమీ లేదు). రెండోది 2014 జనవరిలో 3.13 వెర్షన్‌తో మెయిన్‌లైన్ (అంటే అసలు అధికారిక లినక్స్) కెర్నెల్‌లో చేరిన డబ్ల్యూసీఎన్36ఎక్స్‌ఎక్స్.

ప్రైమా అన్నీ తానే చేసుకునే రకం. నెట్‌వర్కులు వెతకడం, రౌటర్‌తో గుర్తింపు తతంగం నడపడం, సిగ్నల్ తగ్గితే ఇంకో రౌటర్‌కు మారడం, ఇవన్నీ దాని సొంత కోడే. లినక్స్‌లో ఈ పనుల కోసమే మ్యాక్80211 అనే ఉమ్మడి పొర ఉన్నా దాన్ని ముట్టుకోదు. ఫలితంగా కోడ్ కొండంత పెరిగింది. అయితే ప్రైమాను తీసిపారేయడం అన్యాయం. ఫోన్ అమ్మకానికి వచ్చిన రోజే వైఫై సక్రమంగా పనిచేయాలి, బ్యాటరీ నిలవాలి. ఆ పని అది చేసింది. దాని సెట్టింగులన్నీ ఒక ఐఎన్‌ఐ ఫైలులో ఉంటాయి. ఫోన్ తయారీదారు కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేయకుండానే వాటిని మార్చుకోవచ్చు. మెయిన్‌లైన్ డ్రైవర్‌లో అలాంటి విలువలను కోడ్‌లోనే పట్టికగా రాసేశారు. ఈ ఒక్క విషయంలో ప్రైమాదే మెరుగైన పద్ధతి.

తేడా అసలు బయటపడేది చిప్‌ను లేపే చోట. వెండర్ కెర్నెల్‌లో, అంటే ఫోన్‌తో పాటు వచ్చే కెర్నెల్‌లో, ఆండ్రాయిడ్ వైపు నుంచి ఒక సర్వీసు వచ్చి తట్టాలి. అప్పుడు గాని ఆ చిన్న ప్రాసెసర్ మేలుకోదు. అంటే డ్రైవర్ ఒక్కటే ఉంటే చాలదు, చుట్టూ ఆండ్రాయిడ్ కూడా ఉండాలి. మెయిన్‌లైన్‌లో ఈ పనిని ముక్కలు చేసి ఎవరిది వాళ్లకు అప్పగించారు. ఫర్మ్‌వేర్‌ను మెమరీలోకి ఎక్కించి ప్రాసెసర్‌ను నడిపించేది రిమోట్‌ప్రాక్. అది లేచాక డబ్ల్యూసీఎన్‌ఎస్‌ఎస్ కంట్రోల్ అనే చిన్న డ్రైవర్ రంగంలోకి దిగి, రేడియో కొలతలున్న ఎన్‌వీ ఫైలును 3072 బైట్ల ముక్కలుగా పంపుతుంది. ఫర్మ్‌వేర్ సరేనన్నాకే వైఫై, బ్లూటూత్ అనే రెండు పరికరాలు కెర్నెల్‌కు కనిపిస్తాయి. వైఫై వైపు మ్యాక్80211, బ్లూటూత్ వైపు కెర్నెల్ బ్లూటూత్ పొర అందుకుంటాయి. చిప్ ఉమ్మడిది అన్న సంగతిని దాచకుండా కెర్నెల్ నిర్మాణంలోనే చూపించడం నాకు నచ్చింది. ఫర్మ్‌వేర్ కుప్పకూలితే రెండు సేవలూ ఒకేసారి పోతాయని ఆ అమరిక చూస్తేనే అర్థమవుతుంది.

ఈ అందానికి చెల్లించిన మూల్యమూ ఉంది. 3.13లో వచ్చింది వైఫై ముక్క ఒక్కటే. దాన్ని ఆ ప్రాసెసర్‌తో మాట్లాడించే మిగతా భాగాలు మెయిన్‌లైన్‌లో లేవు. అవన్నీ చేరి అతుక్కోవడానికి సుమారు మూడేళ్లు పట్టింది. ఈలోగా ప్రైమాతో ఫోన్లు అమ్ముడుపోయాయి, వాడారు, మూలన కూడా పడేశారు.

మెయిన్‌లైన్ డ్రైవర్ ప్రైమాను కాదని పుట్టిందనుకుంటే పొరపాటు. ఫర్మ్‌వేర్‌తో మార్చుకునే సందేశాల రూపం ప్రైమా హెడర్ ఫైళ్ల నుంచి వచ్చిందే. ఇప్పటికీ ఆ కంట్రోల్ డ్రైవర్ ఎన్‌వీ ఫైలు కోసం మామూలుగా వెతికేది ప్రైమా అనే ఫోల్డర్‌లోనే! ఫర్మ్‌వేర్ ఇద్దరికీ ఒకటే, ఇద్దరికీ మూసిన పెట్టే. 2.4 గిగాహెర్ట్జ్‌లో వైఫైకీ బ్లూటూత్‌కూ మధ్య వంతులు వేసేది అదే కాబట్టి, హెడ్‌సెట్‌లో పాట తెగుతోందంటే ఏ డ్రైవర్ కోడ్ చదివినా కారణం పూర్తిగా దొరకదు.

ఇంతకీ ఏది మేలు? కొన్న ఏడాది వరకే ఫోన్ అనుకునేవారికి ప్రైమా చాలు. నాకు మాత్రం రెండోదే మేలనిపిస్తుంది. ఈ ఫోన్ వెండర్ కెర్నెల్ 3.10 శాఖకు చెందింది. 2017 నవంబరులో 3.10.108తో కెర్నెల్ సంఘం ఆ శాఖకు మద్దతు ఆపేసింది. కొత్త కెర్నెల్‌కు మారాలంటే ప్రైమా కొండను ఎవరో ఒకరు భుజాన మోయాలి. మెయిన్‌లైన్‌లో ఉన్న డ్రైవర్‌కు ఆ బెడద లేదు. కెర్నెల్ లోపలి పద్ధతి మార్చినవాళ్లే ఈ డ్రైవర్‌నూ సరిచేస్తారు. మ్యాక్80211లో సరిచేసిన లోపాల మేలూ ఉచితంగా అందుతుంది. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్ ఆధారిత సిస్టమ్ ఈ ఫోన్‌ను కొత్త కెర్నెల్‌తో నడపగలుగుతున్నది ఇందువల్లే.

ఇంత పంపకంలో మూడో వాటాదారును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. వెండర్ కెర్నెల్‌లో ఎఫ్‌ఎంకు వేరే డ్రైవర్ ఉంది. ఇయర్‌ఫోన్ తీగను యాంటెనాగా పెట్టుకుని అది చక్కగా పాడేది. మెయిన్‌లైన్ అమరికలో వైఫైకీ బ్లూటూత్‌కూ తప్ప ఎఫ్‌ఎంకు చోటు లేదు. ఆ ఫోన్‌లో రేడియో వినాలంటే పాత 3.10 కెర్నెలే దిక్కు.