గుడ్డను రెక్కగా మార్చే పూత

ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద కాస్త ముందుకు వెళితే ఆటోనగర్ వస్తుంది. లారీ బాడీలు కట్టేవాళ్లు, డెంటింగ్, పెయింటింగ్ చేసేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు అంతా అక్కడే. ఏ గల్లీలోకి తిరిగినా మనిషి కంటే ముందు థిన్నర్ వాసన ఎదురొస్తుంది. ఇటు దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోనూ బండ్ల ట్యాంకులకు, కార్ల బంపర్లకు రంగు కొట్టే చిన్న చిన్న షెడ్లు ఉన్నాయి. ఈ పనివాళ్ల చేతిలో ఉన్న విద్యకూ, ఒకప్పుడు బేగంపేటలో గుడ్డ రెక్కల విమానాలను ఎగరనిచ్చిన విద్యకూ దగ్గరి చుట్టరికం ఉంది. ఈ షెడ్లలో ఎన్‌సీ పెయింట్ అంటారే, ఆ ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్. పత్తిని ఆమ్లాల్లో నానబెట్టి తీసిన పదార్థం. విమానం గుడ్డకు పూసే నైట్రేట్ డోపు పుట్టిందీ దాంట్లోంచే.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో కుర్ర పైలట్లు ఓనమాలు దిద్దుకున్న టైగర్ మాత్ విమానానికి రెక్కలంటే కర్ర చట్రం, దాని మీద బిగించిన గుడ్డ. స్వాతంత్ర్యం వచ్చాక బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన పుష్పక్ 1958 సెప్టెంబర్ 28న తొలిసారి గాల్లోకి లేచింది. రెండు సీట్లు, 90 హార్స్‌పవర్ ఇంజను, ఒంటికి గుడ్డ తొడుగు. మన దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరో దాని మీదే నేర్చుకున్నారు. ఇవాళ ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ వైపు వెళితే ఆకాశంలో శిక్షణ విమానాలు కనిపిస్తాయి. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నాలన్నీ అల్యూమినియం రేకువే. గుడ్డ విద్య ఇప్పటికీ నిలబడిందంటే ఎక్కువగా తమ విమానం తామే కట్టుకునే ఔత్సాహికుల వల్లే. 1953లో అమెరికాలో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ చుట్టూ చేరిన వాళ్లు షెడ్లలో, ఇంటి గరాజుల్లో ఈ పనిని పట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకరైన రే స్టిట్స్ 1960ల్లో పాలిస్టర్ గుడ్డకు తగ్గ పూతల వరసను తయారుచేశాడు. పాలీ ఫైబర్ పేరుతో అది నేటికీ దొరుకుతోంది.

ఇంతకీ పూత చేసే పనేమిటి? చూడ్డానికి రంగులా ఉంటుంది గానీ రంగు దాని చివరి పని. ముందు గుడ్డ కన్నాలు మూసి గాలి దూరకుండా చేయాలి. గుడ్డను బిగించి ఆ బిగువు సడలకుండా పట్టి ఉంచాలి. ఎండ తగలకుండా కాపాడాలి. ఈ మూడూ జరగకపోతే అది గుడ్డగానే మిగిలిపోతుంది, రెక్క కాదు. పూత కూడా విమానం నిర్మాణంలో భాగమేనని నేను నమ్మేది ఇందుకే. పెయింటర్‌ను ఆఖర్న వచ్చి సోకులు దిద్దేవాడిగా చూడటం మన అలవాటు. ఆ చూపు మారాలి.

పాత రోజుల్లో నూలు గుడ్డనో లినెన్‌నో చట్రానికి కుట్టేవాళ్లు. దాన్ని బిగించేది డోపే. ఆరే కొద్దీ కుంచించుకుపోతూ గుడ్డను లాగి పట్టేది. పాలిస్టర్ వచ్చాక ఆ పని ఇస్త్రీ పెట్టెకు చేరింది. డప్పును సెగ చూపించి బిగించినట్టే, ముందు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆ తర్వాత 150, చివరకు 175 దగ్గర ఇస్త్రీ చేస్తూ గుడ్డను ముడుచుకునేలా చేస్తారు. అంతకు మించితే గుడ్డ మళ్లీ సడలుతుంది, ఇక బిగియదు. అందుకే ఇస్త్రీ పెట్టె మీద అంకెను నమ్మరు, థర్మామీటర్ పెట్టి చూసుకుంటారు.

మొదటి కోటు స్ప్రే గన్నుతో కొట్టరు. బ్రష్షుతోనే వేయాలి. పూత దారాల మధ్యకు దిగి, ప్రతి పోగునూ చుట్టేసి అవతలి వైపు కాస్త పట్టు దొరికించుకోవాలి. అలాగని కారి లోపల బొట్లు కట్టకూడదు. బ్రష్షును ఎంత ముంచాలో, ఎంత పిండాలో చేతికే తెలియాలి. ఆ కోటు సరిగా పట్టకపోతే పైన ఎన్ని కొట్టినా ఏదో ఒకరోజు పొరలుగా లేచి వస్తుంది.

గన్ను వాటా అక్కడి నుంచి మొదలు. మంచి పెయింటర్ పని మీదికి నేరుగా వెళ్లడు. పాత అట్ట ముక్క మీద ఒక దెబ్బ కొట్టి చూసుకుంటాడు. ధార విప్పారి నిలువు పట్టీలా సమంగా పడుతోందా, మధ్యలో గుమ్మరిస్తోందా అని. గన్నును పని నుంచి జానెడు దూరంలో పట్టుకుంటాడు. మణికట్టు తిప్పితే ధార వంపు తిరిగి అంచుల్లో పలచన, నడుమ మందం అవుతుంది. అందుకని మణికట్టును బిగబట్టి చెయ్యంతా కదిలిస్తాడు, ఒక్కోసారి మనిషే నడుస్తాడు. ట్రిగ్గర్ అంచుకు ముందే నొక్కి, అవతలి అంచు దాటాకే వదులుతాడు. ప్రతి పట్టీ ముందు పట్టీని సగం కప్పాలి. నిలువుగా ఒకటి, దాని మీద అడ్డంగా ఒకటి. ఈ రెండూ కలిస్తేనే విమానాల వాళ్ల లెక్కలో ఒక క్రాస్ కోటు. ఇదంతా చేస్తూ అతని కళ్లు గన్ను మీద ఉండవు. ఏటవాలుగా పడే వెలుతురులో తడి మెరుపు ఎక్కడ తగ్గిందా అని వెతుకుతుంటాయి. మెరుపు తగ్గితే పొడిగా పడిందని అర్థం, ఎక్కువైతే కాసేపట్లో కారుతుంది.

హైదరాబాద్ వాతావరణం ఈ పనికి కఠినమైన గురువు. మే నెల మధ్యాహ్నం థిన్నర్ గన్నులోంచి బయటికొచ్చి పని దాకా చేరేలోపే సగం ఆవిరైపోతుంది. రంగు తడిగా అతుక్కోక, పొడిలా రాలి గరుకు తేలుతుంది. జూలైలో కష్టం ఇంకో రకం. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూసిన చోటు నుంచి వేడిని లాగేసుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లబడ్డ పూత మీద సన్నగా నీరు చేరుతుంది. నైట్రోసెల్యులోజ్ ఆ నీటికి విరిగి తెల్లబారిపోతుంది. కారు డోరు మీదైతే అది మెరుపు పోవడం. రెక్క మీదైతే బలం పోవడం, ఎందుకంటే తెల్లబారిన డోపు గుడ్డను బిగించి పట్టలేదు. దీనికి మందు మెల్లగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్. తెల్లబారిన చోట పలుచగా కొడితే పూత మళ్లీ కరిగి సర్దుకుంటుంది. అసలు మందు మాత్రం వాన వెలిసేదాకా ఆగడమే. వానాకాలంలో కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరే నీళ్లను మర తిప్పి వదలకపోతే ఆ నీళ్లే గన్నులోంచి చుక్కలుగా పడతాయి. చలికాలపు పొడి ఉదయాలు ఈ పనికి వరం.

గుడ్డకు అసలు శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలు పోగుల బలాన్ని లోలోపలే తినేస్తాయి. బయటికి చెక్కుచెదరనట్టే ఉంటుంది, వేలితో నొక్కితే పుటుక్కున చిరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు తమ విమానాలకు పీసీ10 అనే ఖాకీ పూత వేసింది ఎండను లినెన్ దాకా రానివ్వకుండా ఉండటానికే. ఆ తర్వాత వెండి పూత స్థిరపడింది. డోపులో అల్యూమినియం పొడి కలిపి కొడతారు. ఆ సన్నటి రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని వెలుతురును వెనక్కి కొట్టేస్తాయి. చాలిందా లేదా తేల్చడానికి రెక్క లోపల బల్బు పెట్టి, బయట చీకటి చేసి చూస్తారు. వెలుతురు ఎక్కడ తొంగిచూస్తే అక్కడ మళ్లీ కొట్టాలి. వెండి కోట్ల మధ్య వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్దడం ఉంది గానీ, రెక్క ఎముకల మీద కుట్టుదారం ఉబ్బిన చోట రుద్దరు. అక్కడ పేపర్ దారాన్నే కోసేస్తుంది.

గుడ్డ బలం ఊహకు వదిలేసే విషయం కాదు. వేగం, రెక్క మీద పడే బరువు ఎక్కువగా ఉండే విమానాలకు వాడే గ్రేడ్ ఎ నూలు గుడ్డ కొత్తప్పుడు అంగుళం వెడల్పుకు 80 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి. వాడగా వాడగా అది 56 కంటే తగ్గితే ఊడదీసి కొత్తది వేయాల్సిందే.

లారీకి ఒక కోటు ఎక్కువైతే నష్టం లేదు, విమానానికి ఉంది. ప్రతి కోటూ బరువే. రెక్క చివర కదిలే ఎలరాన్ల మీద, తోక భాగాల మీద ఇది మరీ సున్నితం. కీలుకు వెనక రంగు మందమైతే తూకం తప్పి, వేగంలో ఆ భాగం గజగజ కొట్టుకుంటుంది. ఫ్లటర్ అంటారు దాన్ని. క్షణాల్లో తోకనే విరిచేయగలదు. అందుకే రంగు వేశాక ఆ భాగాలను విప్పి మళ్లీ తూకం చూస్తారు.

ఇందులో ఊపిరి మాట కూడా చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి డోపుల్లో టెట్రాక్లోరోఈథేన్ కలిపేవాళ్లు. బ్రిటన్ ఫ్యాక్టరీల్లో ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, కాలేయం చెడి కామెర్లు వచ్చాయి, కొందరు చనిపోయారు. అప్పుడుగానీ దాన్ని మానలేదు. ఇప్పుడు మన షెడ్లలో వాడే పీయూ (పాలీయురేథేన్) పెయింట్ హార్డెనర్లలో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పిస్తాయి, ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడదు. ముఖానికి కట్టుకునే కర్చీఫ్ దీన్ని ఆపలేదు. బయటి నుంచి గొట్టంతో శుభ్రమైన గాలి అందించే మాస్క్ కావాలి. దాని ఖర్చు పని ఇచ్చే యజమాని భరించాలి, పని చేయించుకునే కస్టమర్ బిల్లులో దాన్ని ఒప్పుకోవాలి.

పీయూ మెరుపు చూసి విమానాల వాళ్లు కూడా దానివైపు మళ్లారు. గుడ్డ మీద నాకు పాత పద్ధతే మేలనిపిస్తుంది. గుడ్డ ప్రతి గాలికీ వంగుతుంది. వంగే గుణం కలపని పీయూ దాని మీద పగుళ్లు బారుతుంది. బజార్లో దొరికే మామూలు ఎన్‌సీ పెయింట్‌కూ అదే గతి, డోపులో మెత్తదనానికి వేరే కలుపుతారు కాబట్టి రెండూ ఒకటని పొరబడకూడదు. పైగా డోపైనా, పాలీ ఫైబర్ పూతైనా దాని ద్రావకం తగలగానే ఎన్నేళ్ల తర్వాతైనా కరుగుతుంది. చిరుగు పడితే చుట్టూ రంగునూ వెండినీ తుడిచి, కింది పూతలోకి కొత్త గుడ్డ అతుకును అంటించి, ఇస్త్రీతో బిగించి, బ్రష్షు, వెండి, రంగు వరసగా వేస్తే పాతా కొత్తా కలిసిపోతాయి. పీయూ కొట్టిన రెక్కకు అదే చిరుగు పడితే ద్రావకానికి లొంగదు. గుడ్డ తెగకుండా అంగుళం అంగుళం పేపర్‌తో అరగదీసి, ఆ తర్వాతే అతుకు మొదలుపెట్టాలి.