గుళిక నునుపు

2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేజర్లు 2.05 మెగాజౌళ్ల శక్తిని గుమ్మరిస్తే, కేంద్రక సంలీనం 3.15 మెగాజౌళ్లు తిరిగిచ్చింది. లేజర్ల గొప్పతనం అందరూ చెప్పుకున్నదే. నా ధ్యాసంతా మధ్యలో ఉన్న రెండు మిల్లీమీటర్ల గుళిక మీదే.

సిలికాన్ గోళీ మీద వజ్రాన్ని పొరగా పెంచుతారు. నునుపు చేస్తారు. సన్నని రంధ్రం పెట్టి లోపలి సిలికాన్‌ని కరిగించి తీసేస్తారు. ఇంధనం నింపే గొట్టం ఆ రంధ్రంలోనే కూర్చుంటుంది. ఎంత అందమైన పని!

ఇంత శ్రద్ధ ఎందుకంటే, గుళిక పైపొర ఆవిరై ఎగిరిపోతుంటే మిగతా పెంకు సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో లోపలికి కుంగుతుంది. బరువైనదాన్ని తేలికైనది నెడుతోందన్నమాట. నూనె మీద నీళ్లు పోసినట్టే: నీళ్లు వేళ్లలా కిందికి దిగుతాయి, నూనె బుడగలై పైకి లేస్తుంది. రేలీ 19వ శతాబ్దంలో, టేలర్ 1950లో లెక్కగట్టి చూపిన అస్థిరత ఇదే. కంటికి ఆనని గరుకు కూడా పెరిగి పెరిగి పెంకును చీల్చుకుని ఇంధనంలో కలిసిపోతుంది, వేడిని హరిస్తుంది.

గుళికను పట్టి ఉంచే ప్లాస్టిక్ పొర మందం కొన్ని పదుల నానోమీటర్లే. అయినా కుంగుతున్న పెంకు ఎక్స్-రే చిత్రాల్లో దాని మచ్చ పడింది! అందుకే ఇంధనం నింపే గొట్టాన్ని కూడా పది మైక్రాన్ల నుంచి ఐదుకు, ఆపైన రెండుకు సన్నం చేసుకుంటూ వచ్చారు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది అదే ప్రయోగశాల శాస్త్రవేత్త ఒమర్ హరికేన్ బృందం తీసుకున్న నిర్ణయం. సంలీనాన్ని రగిలించడానికి 2012 దాకా సాగిన ప్రయత్నం ఫలించకపోవడంతో, వాళ్లు లేజర్ తొలి తాకిడిని పెంచారు. దానివల్ల ఇంధనం ముందే కాస్త వేడెక్కి, గట్టిగా నలగదు. కానీ గరుకు నుంచి పుట్టే అస్థిరత అలలు అంతగా పెరగవు. నొక్కుడును కొంత వదులుకుని నిలకడను కొనుక్కోవడం ధైర్యమనే అంటాను.

2021 ఆగస్టులో సంలీన శక్తి 1.3 మెగాజౌళ్లు దాటాక, అదే ప్రయోగం మళ్లీ చేస్తే అంత రాలేదు. పెంకుల్లోని గుంటలు, బోలు మచ్చలు అందుకు ఒక ముఖ్య కారణం. మరుసటి ఏడు పెంకును మందం చేసి, లేజర్ శక్తిని కొంచెం పెంచారు.

ఈ పద్ధతిలో కరెంటు తీయాలంటే సెకనుకు పది గుళికల దాకా కావాలంటారు. అంత వేగంగా ఇంత నున్నగా ఎలా చేస్తారన్నదే నేను ముందుగా వినాలనుకుంటున్న కబురు.