గద్వాల చీరలో ఖాళీ సొగసు

హైదరాబాదు నుంచి బెంగళూరు రోడ్డు మీద వస్తూ, ఆంజనేయస్వామి కొలువున్న బీచుపల్లి దగ్గర కృష్ణ దాటితే నడిగడ్డలో అడుగుపెట్టినట్టే. పైన కృష్ణ, కింద తుంగభద్ర, నడుమ ఆరుబయలు నేల. ఇక్కడ నేసే సాదా గద్వాల చీరదీ అదే తీరు. రెండు పక్కలా నిండైన పట్టు అంచులు, మధ్యలో పూవూ బుటా లేని నూలు బాడీ.

చీర విప్పగానే చూపు జరీ మీదికే పోతుంది. కాస్త నిలకడగా చూస్తే, ఆ జరీకి అంత నిగ్గు ఎక్కడిదో తెలుస్తుంది. మెరుపు లేని నూలు పక్కన ఉండబట్టే పట్టు మెరుపు కంటికి ఆనుతుంది. బాడీ అంతా బుటాలతో నింపేస్తే అంచు గొప్పతనం సగం పోతుంది.

ఈ ఖాళీ తేరగా వచ్చింది కాదు. కుట్టు అంచు నేతలో మూడు నాడెలు ఆడాలి: అంచులకు రెండు, బాడీకి ఒకటి. పేక వేసిన ప్రతిసారీ అంచు పోగూ బాడీ పోగూ ఒకదానినొకటి మెలివేసుకుని వెనక్కి తిరగాలి. అంచు రంగు బాడీలోకి పొక్కకుండా, బాడీ రంగు అంచులోకి చొరకుండా రెండింటి నడుమ గీటు తేటగా నిలిచేది అందుకే. కొంగు దగ్గర మళ్ళీ నూలు పడుగుకు పట్టు పడుగును పోగు పోగుగా కలపాలి.

కోటకొమ్మ అంచును దగ్గరగా చూడండి. పట్టు కొమ్ములు వరసగా బాడీలోకి మొనలు చాస్తాయి. కొమ్ముకూ కొమ్ముకూ నడుమ నూలు కూడా అంతే పదునుగా, తలకిందులైన కొమ్మై అంచులోకి దిగుతుంది. చూపు కొంచెం మార్చితే చాలు, ఏది బొమ్మో ఏది నేలో తారుమారవుతుంది. ఆ గీటు దగ్గర రెండింటికీ సమానమైన హక్కు. ఎంత సేపు చూసినా తనివి తీరదు నాకు.

తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున ఏటా స్వామికి సమర్పించే ఏరువాడ జోడు పంచెలు కూడా ఇక్కడి మగ్గాల మీదివే. 41 రోజులు దీక్షగా నేసే ఆ పంచె పొడవు 11 గజాలు. అంత పొడవునా సాదా బట్టలో ఒక్క పోగు తప్పినా దాచుకోవడానికి పూవుండదు, తీగ ఉండదు. సాదాతనం నేతగాడికి పెట్టే పరీక్ష అది.

సాదా బట్ట సొగసు బొంతలోనూ కనిపిస్తుంది. పాతబడిన నూలు చీరలు మన ఇళ్ళలో బొంతలవుతాయి. మడతల మీద దగ్గర దగ్గరగా సూది నడిచేకొద్దీ ఖాళీ బట్ట సన్నని గట్లుగా లేస్తుంది. రంగు మారకుండానే వెలుగునీడలు పుడతాయి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఆమిష్ అనే క్రైస్తవ సమాజపు స్త్రీలు ఒకే రంగు ఉన్ని బట్ట మీద ఇలాగే సన్నటి కుట్టుతో తీగలు తేల్చారు. దూరం నుంచి చూస్తే ఒట్టి రంగు, దగ్గరికి వెళితేనే పనితనం.

అందుకే గద్వాల చీర కొనేటప్పుడు బుటాలు లెక్కపెట్టకండి. బాడీ మీద అరచెయ్యి ఆనించి, అంచు కలిసే చోట వేలు నడిపించండి. నూలూ పట్టూ పొరపొచ్చం లేకుండా కలిశాయంటే అది మంచి చీర. ఎక్కడ ఆగాలో తెలిసిన నేతగాడికి, ఏమీ వెయ్యని చోటుకు కూడా మజూరీ ఇవ్వడం న్యాయం.