హరిపురా పటాలూ, సంతాల్ కుటుంబమూ

శాంతినికేతన్ కళాభవనం పేరెత్తగానే మన విమర్శకులు "గ్రామీణ జీవిత చిత్రణ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ గ్రామం ఎవరి కంటికి ఎలా కనిపించిందని అడగరు. నాకు ఆ ప్రశ్నే ముఖ్యం. 1938లో, ఒకే ఏడాది, అక్కడి గురుశిష్యులిద్దరు దానికి రెండు వేర్వేరు జవాబులిచ్చారు.

గురువు నందలాల్ బోస్. గాంధీజీ కోరిక మీద హరిపురా కాంగ్రెసు మహాసభకు ఆయనా, విద్యార్థులూ కలిసి సుమారు 400 పటాలు తయారుచేశారు. డోలు వాయించేవాడు, దర్జీ, దూది ఏకేవాడు, ఎవరి పనిలో వారు నిమగ్నులు. కళను ధనికుల గోడల మీంచి దించి సభాస్థలికి తెచ్చిన ఘనతను కాదనను. అయితే ఆ గీతల్లోని లయ ఎంత కుదురైనదంటే, ఆ డోలుకూ కడుపుకూ ఏదో సంబంధం ఉందన్న సంగతే తోచదు.

శిష్యుడు రాంకింకర్ బైజ్. 1925లో విద్యార్థిగా చేరి అక్కడే అధ్యాపకుడైనవాడు. ఆయన "సంతాల్ కుటుంబం" నిలిచి లేదు, నడుస్తోంది. కావిడి బుట్టలో బిడ్డ, పక్కన భార్య, వెంట కుక్క. ఉన్నదంతా మోసుకుని పోతున్నారు. సిమెంటూ ఎర్రకంకరా కలిపి ఆరుబయటే మలిచాడు. ఏ షావుకారూ కొని హాల్లో పెట్టుకోలేడు. ఇక్కడ వస్తువు రూపాన్నే కాదు, ముడిసరుకునూ నిర్ణయించింది. మొరటు శిల్పమనేవారు ఆ కాళ్ల వేగాన్ని చూడలేదు.

ఇలాంటి శిష్యుణ్ణి తన అచ్చులో పోయకపోవడం నందలాల్ గొప్పతనం. (బడిపంతులుగా నాకిది చిన్న విషయం కాదు.)

మన కథల్లో కుమ్మరి మాత్రం ఇంకా హరిపురా పటంలోలాగే కూర్చుని ఉన్నాడు. సారె తిరుగుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ బిందె వచ్చాక అతను ఏ ఊరి బస్సెక్కాడో కథకుడు చెప్పడు.