ఫేజాన్ ప్రేలుడు: ఒక అర్ధసత్యము చేసిన చేటు

ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమునకు దక్షిణముగా, రోన్ నదీలోయలో, ఫేజాన్ అను ఊరు కలదు. 1966 జనవరి 4వ తేదీ ఉదయమున ఆ ఊరి చమురుశుద్ధి కర్మాగారములో ప్రొపేన్ నిల్వచేసిన ఉక్కుగోళము ఒకటి ప్రేలెను. ఆ దుర్ఘటనలో 18 మంది మరణించిరి; సుమారు 80 మంది గాయపడిరి. మృతులలో 11 మంది మంటల నార్పవచ్చిన అగ్నిమాపక దళమువారు.

ఈ సంఘటనను గురించి ముచ్చటించునపుడు సాధారణముగా రెండు మాటలు వినబడును. ఒక పనివాడు కవాటములను తప్పు వరుసలో త్రిప్పుటచేత ఇంత జరిగినదనుట మొదటిది. అగ్నిమాపక దళమువారు ప్రాణములకు తెగించి పోరాడిరనుట రెండవది. రెండును నిజమే. కాని ఈ రెండు మాటలతో సరిపెట్టుకొన్నచో నేర్చుకొనవలసినది మరుగున పడిపోవును. గోళమును మంట చుట్టుముట్టిన తరువాత అది ప్రేలుటకు ఇంచుమించు గంటన్నర పట్టెను. ఆ గంటన్నరలో ఏమి చేసిరి, ఏ నమ్మకముతో చేసిరి అనునదే పరిశీలింపదగిన విషయము.

ముందుగా ప్రొపేన్ స్వభావమును తెలిసికొనవలెను. ఇది వంటగ్యాసులో నుండు వాయువులలో ఒకటి. సాధారణ వాతావరణ పీడనమున ఇది సున్నకు దిగువ 42 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగును. గది ఉష్ణోగ్రతలో దీనిని ద్రవముగా నిలిపి ఉంచవలెనన్న వాతావరణ పీడనమునకు ఎనిమిది రెట్లకు పైగా ఒత్తిడి కావలెను. ఒక లీటరు ద్రవము ఆవిరియైనచో సుమారు 270 లీటర్ల వాయువగును. అందుచేతనే తక్కువ చోటులో ఎక్కువ ఇంధనమును ఉంచుటకు దీనిని ఒత్తిడిలో ద్రవముగా నిల్వచేయుదురు. పీడనమును అన్ని వైపులకు సమముగా భరింపగల ఆకారము గోళము. కనుక పెద్ద తొట్లను గోళాకారముగా నిర్మింతురు. ఇక గాలి సగటు అణుభారము 29 కాగా, ప్రొపేన్ అణుభారము 44. అనగా లీకైన ప్రొపేన్ పొగవలె పైకెగసిపోదు. నీటివలె పల్లమునకు ప్రాకును. గాలిలో దాని పాలు నూటికి రెండు మొదలు తొమ్మిదిన్నర వరకు ఉన్నచో చిన్న నిప్పురవ్వ తగిలినను భగ్గుమనును.

ఫేజాన్‌లో ఆనాటి ఉదయము 1200 ఘనమీటర్లు పట్టు గోళము అడుగున చేరిన నీటిని తీసివేయుచుండిరి. ఆ గొట్టమునకు ఒకదాని క్రింద నొకటిగా రెండు కవాటములు ఉండెను. పై కవాటమును ముందు పూర్తిగా తెరచి, క్రింది కవాటముతో ప్రవాహమును అదుపుచేయుట సరియైన పద్ధతి. ఎందుచేతననగా, ప్రొపేన్ ఇరుకైన సందులో నుండి వెలువడునపుడు ఆవిరియై మిక్కిలి చల్లబడును. అచ్చటి తడితో కలిసి మంచువంటి గట్టి పదార్థము ఏర్పడి కవాటము బిగిసిపోవచ్చును. క్రింది కవాటము బిగిసినను పైదానిని మూసి గోళమును కాపాడవచ్చును. ఆనాడు వరుస తారుమారయ్యెను. క్రిందిది తెరచి యుంచి పైదానితో అదుపుచేసిరి. ప్రవాహము ఆగినట్లు తోచగా పై కవాటమును ఇంకను తెరచిరి. అంతట అడ్డము తొలగి ప్రొపేన్ ఒక్కుమ్మడిగా దూకెను. పై కవాటము మూతపడలేదు. క్రిందిదానిని మూయబోవునప్పటికి అదియు గడ్డకట్టి కదలకుండెను. అప్పటికి సమయము 6 గంటల 40 నిమిషములు.

సుమారు మీటరు ఎత్తున తెల్లని ఆవిరిమబ్బు నేలబారుగా ప్రాకి దాపుననున్న మోటారు రోడ్డు వైపు సాగెను. రోడ్డుపై రాకపోకలను ఆపిరి. అయినను ప్రక్కదారిని వచ్చిన కారు ఒకటి, గోళమునకు సుమారు 150 మీటర్ల దూరమున, మబ్బును తాకెను. నిప్పంటుకొని జ్వాల వెనుకకు గోళమువరకు పరుగెత్తెను. గోళము అడుగున వెలువడుచున్న ప్రొపేన్ మండుచు ఆ గోళమునే కాల్చసాగెను.

అసలు విమర్శకు లోనుగావలసిన ఘట్టము ఇచ్చట ప్రారంభమగును. గోళములపై నీటిని చిమ్ము ఏర్పాటు కర్మాగారములో ఉండెను. కాని అది సాధారణముగా కావలసిన నీటిలో సగము మాత్రమే ఇచ్చునట్లు నిర్మింపబడినది. అగ్నిమాపక దళము గొట్టములు తగిలించినంతనే ఆ కొద్ది నీరు కూడ గోళములపైకి చేరుట మానెను. ఉన్న నీటిలో అధికభాగమును దళమువారు మండుచున్న గోళముపై గాక ప్రక్క గోళములపై చిమ్మిరి. మండుచున్న గోళము శిఖరమున రక్షక కవాటము ఉన్నది. పీడనము మితిమీరిన అది తానే తెరచుకొనును. కనుక గోళము ప్రేలదు, మంట ఇతర గోళములకు వ్యాపింపకుండ చూచిన చాలును - ఇదియే వారి నమ్మకము. ఆ నమ్మకముతోనే పలువురు గోళమునకు 50 మీటర్లలోపల నిలిచి పనిచేసిరి.

రక్షక కవాటము నిజముగానే తెరచుకొనెను. వాయువు పైకి చిమ్మి మండెను. కవాటము తన పనిని తాను చేసినది. అయినను 8 గంటల 45 నిమిషములకు గోళము బ్రద్దలయ్యెను. దగ్గరనున్న దళమువారిలో పెక్కుమంది అచ్చటనే ప్రాణములు విడిచిరి. 140 మీటర్ల దూరముననున్నవారికి సయితము తీవ్రముగా కాలిన గాయములు తగిలెను. ఎగిరిపడిన ఉక్కు ముక్కలు ప్రక్క గోళము కాళ్ళను విరుగగొట్టగా అది ఒరిగిపడి, సుమారు ముప్పాతిక గంట తరువాత ప్రేలెను. మొత్తము ఐదు గోళములు నాశనమయ్యెను.

కవాటము సక్రమముగా పనిచేసినను గోళము ఎందుకు ప్రేలినది? రక్షక కవాటము లోపలి పీడనము ఒక హద్దును మీరకుండ చూచును. కాని గోడ యొక్క బలము తగ్గకుండ చూచుట దాని చేతిలో లేదు. గోళములో ద్రవము తాకియున్న గోడను మంట కాల్చినను, ఆ వేడిని ద్రవము గ్రహించి తాను మరుగును. కనుక ఉక్కు మిక్కిలి వేడెక్కదు. ద్రవమట్టమునకు పైన ఆవిరి మాత్రమే తాకు గోడకు ఈ రక్షణ లేదు. ఆవిరి వేడిని త్వరగా లాగుకొనజాలదు. అచ్చటి ఉక్కు ఉష్ణోగ్రత అతివేగముగా పెరుగును. సుమారు 600 డిగ్రీలు చేరునప్పటికి మామూలు ఉక్కుకు సగము బలము కూడ మిగులదు. అంతకుముందు సులభముగా భరించిన పీడనమునకే గోడ సాగి, పలుచనై, చీలిపోవును.

ఇంకొక చిక్కు కలదు. కవాటము తెరచుకొని ఆవిరిని విడుచుచున్నకొలది లోపలి ద్రవము తగ్గిపోవును, మట్టము దిగును, ద్రవము తాకని గోడ ఇంకను ఎక్కువగును. ఆ విధముగా, ప్రేలుడు జరుగకుండ చూచునని నమ్మిన కవాటము పనిచేసినకొలది గోడలో బలహీనమగు భాగము పెరుగుచుండెను. పైనుండి నీరు పడి ఉక్కును చల్లబరచుట ఒక్కటే దానికి విరుగుడు. గోడ చీలినంతనే లోపలి పీడనము ఒక్కసారిగా పడిపోవును. అప్పటికి ద్రవము తన మరుగుస్థానమునకు ఎంతో పైన ఉండుటచేత అందలి ఒక భాగము క్షణములో ఆవిరియగును. మిగిలినది తుంపరలై చిమ్ముకొని అగ్నిగోళమై లేచును.

తరగతిలో ఈ సూత్రమును చూపుటకు ఉక్కుగోళము అక్కరలేదు. కాగితమును దొన్నెవలె మడచి, సగమువరకు నీరు పోసి, ఉపాధ్యాయుడు పట్టుకారుతో పట్టుకొని, చిన్న దీపపు సెగను అడుగున తగిలింపవలెను. నీరు వేడెక్కునే గాని కాగితము అంటుకొనదు. అదే సెగను నీటిమట్టమునకు పైనున్న అంచునకు తగిలించినచో కాగితము వెంటనే నల్లబడి మండును. ఎసరు ఇంకిపోయిన గిన్నె మాడుటయు ఇట్టిదే. దొన్నె అంచు ఎందుకు మండినదో చెప్పగల విద్యార్థికి ఫేజాన్ గోళము ఎందుకు ప్రేలినదో సగము తెలిసినట్లే.

ఇట్లు చెప్పుట ఆ దళమువారిని నిందించుట కాదు. ప్రక్క గోళములను చల్లబరచుట దానంతట అది తప్పుపని కాదు. చమురు కర్మాగారపు మంటలతో వారికి తగిన అనుభవము లేదు. నీటి నంతటిని మండుచున్న గోళముపైననే పోసియున్నచో అది తప్పక నిలిచియుండెడిదని ఎవరును చెప్పజాలరు. అడుగునుండి లేచు అంతటి మంటకు ఉన్న నీరు చాలియుండకపోవచ్చును. కాని నీరు చాలదని తోచినపుడు చేయవలసిన పని మరొకటి కలదు: మనుష్యులను దూరముగా తరలించుట. గోళము ప్రేలదని నమ్మినవారికి ఆ ఆలోచన కలుగుటకు అవకాశమే లేదు. వారి తెగువలో లోపము లేదు. వారికి అందిన శాస్త్రజ్ఞానము సగమే.

తక్కిన సగము అప్పటికి ఎవరికిని తెలియనిది కాదు. ఇట్టి ప్రేలుడుకు 1957లోనే అమెరికాలోని ఫ్యాక్టరీ మ్యూచువల్ సంస్థలో పనిచేయు జేమ్స్ స్మిత్, విలియం మార్ష్, విల్బర్ వాల్స్ అను మువ్వురు ఒక పేరు పెట్టిరి. మరుగుచున్న ద్రవము ఆవిరియై వ్యాకోచించుటచేత కలుగు ప్రేలుడు అను అర్థము వచ్చు ఆ ఆంగ్లపదముల తొలి అక్షరములను కూర్చి దానిని ‘బ్లెవీ’ అందురు. పేరు పుట్టి తొమ్మిదేండ్లు గడచినను, ఫేజాన్‌లో గొట్టములు చేతబట్టినవారికి ఆ జ్ఞానము చేరినట్లు వారి చర్యలలో కనబడదు.

తప్పునంతను కవాటము త్రిప్పిన పనివానిపై మోపుటయు న్యాయము కాదు. వరుస తప్పినంతమాత్రమున ఇంత ఉపద్రవము కలుగునట్టి ఏర్పాటే లోపభూయిష్టము. ఆ గొట్టము గోళమునకు సూటిగా అడుగున తెరచుకొనెను. లీకైన ద్రవము దూరముగా పారిపోవునట్లు నేలకు వాలు ఉండవలెను. దూరమునుండి మూయదగిన కవాటము ఉండవలెను. గోళమునకును దాని కాళ్ళకును మంటను తట్టుకొను పూత ఉండవలెను. ఈ నియమములు ఫేజాన్ తరువాత విస్తృత ప్రచారము పొందినవి.

ప్రచారము పొందినవే గాని అంతటను ఆచరణకు రాలేదు. 1984 నవంబరు 19వ తేదీ తెల్లవారకముందే మెక్సికో నగరము చెంత సాన్ హువాన్ ఇష్వాతెపెక్ వద్ద వంటగ్యాసు నిల్వకేంద్రములో గొట్టము పగిలెను. అచ్చట 6 గోళములును 48 స్తూపాకారపు తొట్లును ఉండెను. ఫేజాన్‌లో లభించిన గంటన్నర వ్యవధి అచ్చట లభింపలేదు. కొలది నిమిషములలో మొదటి తొట్టి ప్రేలెను. ఒకదాని వెంట ఒకటిగా తక్కినవానిలో పెక్కులు ప్రేలెను. ఆ అదురులు భూకంప లేఖినులపై నమోదయ్యెను. మంటల నార్పు నీటి ఏర్పాటు మొదటనే పాడయ్యెను. ఇండ్లు కేంద్రమును ఆనుకొనినట్లుగా ఉండుటచేత సుమారు 500 మంది మరణించిరి. ఇచ్చట లోపించినది నీరు మాత్రమే కాదు, దూరము. నివాసములకును నిల్వలకును నడుమ విడువవలసిన భూమిని విడువనపుడు ఎంతటి దళమునకైనను చేయగలది స్వల్పము.

ఆంధ్రదేశమునకు ఈ పాఠము పరాయిది కాదు. 1997 సెప్టెంబరు 14వ తేదీ, ఆదివారము ఉదయమున, విశాఖపట్టణములోని హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారమున ఓడనుండి దించుచున్న వంటగ్యాసు లీకై, మబ్బుగా వ్యాపించి అంటుకొనెను. గోళములు ప్రేలినవి; కట్టడములు కూలినవి. సుమారు 60 మంది మరణించిరి. ఫేజాన్‌లో నేలబారుగా ప్రాకిన బరువైన ఆవిరియే విశాఖలోను ప్రాకినది.

నేడు భారతదేశమున వంటగ్యాసు నింపు కేంద్రములు పెక్కింటిలో తొట్లను మట్టిదిబ్బతో కప్పి నిల్వచేయుచున్నారు. మంట తాకజాలని గోడ మెత్తబడదు. మన పల్లెలలో ధాన్యమును పాతరలలో దాచినట్లు ఇంధనమును మట్టిమాటున దాచుట సులభముగా తోచును గాని, దాని వెనుక ఇన్ని మరణములు నేర్పిన పాఠము కలదు.

ఇందు బడికి సంబంధించినది కూడ ఒకటి కలదు. ‘రక్షక కవాటము ఉపయోగమేమి?’ అని పరీక్షలో అడిగినచో, ‘పాత్ర ప్రేలకుండ కాపాడును’ అని వ్రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు లభించును. ఫేజాన్‌లో ఆ 11 మందిని గోళము చెంత నిలిపినది సరిగా ఈ జవాబే. ‘గోడ బలము చెడకుండ ఉన్నంతవరకు’ అను మాటలను ఆ జవాబునకు చేర్చి నేర్పుట ఉపాధ్యాయుల వంతు. ఆ నాలుగు మాటలకు కాగితపు దొన్నెయు, గ్రుక్కెడు నీరును, చిన్న దీపమును చాలును.