స్వర్గం చివర ఒక తలుపు: ‘ది గుడ్ ప్లేస్’ ధారావాహికపై భిన్నస్పందనలు – పరిశీలన

1. ప్రవేశిక

అమెరికాలోని ఎన్.బి.సి. ఛానెల్‌లో 2016 సెప్టెంబరు 19న మొదలై 2020 జనవరి 30న ముగిసిన హాస్యధారావాహిక ‘ది గుడ్ ప్లేస్’. మైకేల్ షూర్ దీని సృష్టికర్త. నాలుగు సీజన్లు, 53 భాగాలుగా సాగిన ఈ కథంతా మరణానంతర లోకం చుట్టూ తిరుగుతుంది. అయినా ఇందులో దేవుడు కనిపించడు. ఏ మతగ్రంథానికీ ఇక్కడ ప్రామాణ్యం లేదు. ప్రతి మతమూ పరలోకం గురించి సుమారు ఐదు శాతం మాత్రమే సరిగ్గా ఊహించిందని తొలిభాగంలోనే ఒక పాత్ర తేల్చేస్తుంది. మత్తులో ఉన్న ఒక కెనడా యువకుడి ఊహ మాత్రం తొంభై రెండు శాతం సరిపోయిందట! నవ్వు తెప్పించే ఈ మాటలోనే ధారావాహిక బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి. మతాన్ని పక్కన పెట్టి నీతిని చర్చించగలిగిన స్వేచ్ఛ దాని బలం. ఆ స్వేచ్ఛతోనే మోక్షాన్ని కూడా చర్చించవలసి వచ్చినప్పుడు తలెత్తిన చిక్కు దాని బలహీనత. విమర్శకులు, ప్రేక్షకులు భిన్నాభిప్రాయాలకు వచ్చినది ప్రధానంగా ఈ రెండో సందర్భంలోనే.

2. పుణ్యపాపాల పద్దు

ఎలినార్ షెల్‌స్ట్రాప్ బతికినన్నాళ్లూ స్వార్థపరురాలు. వృద్ధులకు నకిలీ మందులు అమ్మిన మనిషి. చనిపోయాక పొరపాటున స్వర్గానికి వచ్చానని ఆమె గ్రహిస్తుంది. బయటపడకుండా ఉండటానికి నీతిశాస్త్ర ఆచార్యుడైన చీడీ దగ్గర పాఠాలు మొదలుపెడుతుంది. దానశీలినని చెప్పుకొనే తహానీ, మౌనవ్రతం పట్టిన బౌద్ధభిక్షువుగా పొరబడిన జేసన్ వారికి తోడవుతారు. వాళ్లున్నది స్వర్గం కాదని, ఒకరినొకరు హింసించుకొనేలా మైకేల్ అనే అధికారి కట్టిన నరకమని 2017 జనవరిలో ప్రసారమైన తొలి సీజన్ చివరిభాగం బయటపెట్టింది. ఈ మలుపును విమర్శకులు దాదాపు ఏకకంఠంతో మెచ్చుకొన్నారు. భారతీయ పాఠకుడికి ఇక్కడ స్వర్గారోహణపర్వం గుర్తుకు రావడం సహజం. స్వర్గంలో దుర్యోధనుణ్ణి, నరకంలో తనవారిని చూసిన ధర్మరాజుకు ఎదురైనదీ ఇటువంటి మాయాదృశ్యమే. తనవారున్నచోటే ఉంటానన్న అతని నిర్ణయానికి, ఒకరినొకరు విడిచిపెట్టని ఈ నలుగురి నిర్ణయానికి దగ్గరి పోలిక ఉంది. ఈ పోలికను ప్రభావమని భ్రమపడనక్కరలేదు. పరలోకాన్ని నమ్మకద్రోహానికి వేదిక చేసిన కథకు నీతి నిలిచే చోటు ఎక్కడో తేల్చక తప్పదు.

చిత్రగుప్తుడి చిట్టాను హాస్యానికి వాడుకోవడం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. ‘దేవాంతకుడు’ (1960), ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994) చిత్రాల్లో యమలోకం ఒక కార్యాలయం. అక్కడ పొరపాట్లు జరుగుతాయి, సమ్మెలు నడుస్తాయి. తెలుగు చిత్రాలు ఆ కార్యాలయ సిబ్బందిని చూసి నవ్విస్తాయి. పద్దు రాసేవాడు తడబడతాడే గాని, పద్దు పద్ధతిపై అనుమానం రాదు. ‘ది గుడ్ ప్లేస్’ మూడో సీజన్ ఆ పద్ధతినే ప్రశ్నించింది. గత 521 సంవత్సరాలలో ఒక్క మనిషి కూడా స్వర్గానికి రాలేదని అక్కడ తెలుస్తుంది. మనుషులు పూర్వం కంటే చెడిపోవడం దీనికి కారణం కాదు. ఒక టమాటా కొన్నా పురుగుమందులకు, శ్రమదోపిడికి, భూతాపానికి తెలియకుండానే మద్దతిచ్చినట్లవుతుంది. నాయనమ్మకు పూలగుత్తి పంపిన పాతకాలపు మనిషికి పుణ్యం దక్కింది. అదే పని సెల్‌ఫోన్ ద్వారా చేసిన నేటి మనిషికి పాపం చుట్టుకొంది. ప్రపంచీకరణ కాలపు నైతిక సంకటాన్ని ఒక హాస్యధారావాహిక ఇంత సూటిగా చెప్పడం అరుదు. మూడో సీజన్ నడక మందగించిందని, కథ భూమికీ పరలోకానికీ మధ్య దారి తప్పిందని అప్పట్లో కొందరు చేసిన ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు. అయినా మొత్తం ధారావాహికలో ఆలోచన పరంగా అత్యున్నతమైన ఘట్టం ఈ సీజన్‌లోనే ఉంది.

3. తలుపు

చివరికి అసలు స్వర్గానికి చేరిన పాత్రలకు అక్కడ కనిపించినది జడత్వం. కోరినదల్లా క్షణంలో దొరకడంతో అక్కడివారి బుద్ధి మొద్దుబారింది. అలెగ్జాండ్రియా తత్త్వవేత్త హైపేషియా కూడా మాటలు తడుముకొనే స్థితికి దిగజారింది. దీనికి ధారావాహిక సూచించిన పరిష్కారం అడవిలో ఒక తలుపు. ఇక చాలనిపించిన వారు దాని గుండా వెళ్లిపోవచ్చు. ఆవల ఏముందో ఎవరికీ తెలియదు.

ఈ తలుపు దగ్గరే స్పందనలు చీలాయి. మృత్యువు ఉన్నందువల్లనే జీవితానికి అర్థమన్న వాదానికి ఇది అందమైన రూపమని మెచ్చుకొన్నవారున్నారు. అమరత్వం విసుగుకే దారితీస్తుందని 1973లో బెర్నార్డ్ విలియమ్స్ చేసిన ప్రతిపాదన వారికి అండ. ధారావాహికకు సలహాదారులైన తత్త్వశాస్త్ర ఆచార్యులు ఇద్దరిలో ఒకరైన టాడ్ మే మరణంపై ఒక గ్రంథమే రాశారు. క్రైస్తవ దృష్టి గల వ్యాఖ్యాతల అభ్యంతరం వేరు. వారి దృష్టిలో స్వర్గమంటే భోగాల జాబితా కాదు, దైవసాన్నిధ్యం. దేవుణ్ణి తొలగించిన స్వర్గం విసుగు పుట్టించిందంటే అందులో ఆశ్చర్యమేముందని వారి ప్రశ్న. మరికొందరు ప్రేక్షకులను కలవరపెట్టినది ఇంకా సున్నితమైన విషయం. మనశ్శాంతి పొందిన మనిషి ప్రేమించినవారిని వదిలి తన ఉనికిని తానే ముగించుకోవడాన్ని ఇంత మధురంగా చూపవచ్చునా? ఆత్మహత్య ఆలోచనలతో పోరాడేవారికి ఆ దృశ్యం ఏం చెబుతుంది?

మూడో అభ్యంతరాన్ని తేలికగా కొట్టిపారేయలేము. అయితే నిరాశ తోసిన మరణమూ, నిండుదనం తర్వాతి నిష్క్రమణమూ ఒకటి కావు. చీడీ వెళ్లేముందు ఎలినార్ అతణ్ణి ఆపాలని చూస్తుంది, ఆ ప్రయత్నంలోని స్వార్థాన్ని తానే గుర్తిస్తుంది, ఏడుస్తుంది. దుఃఖాన్ని ధారావాహిక దాచలేదు. రెండో అభ్యంతరం న్యాయమైనదే గాని, అది స్వర్గమే గమ్యమనుకొనే సంప్రదాయం నుండి పుట్టింది. మహాభారత అరణ్యపర్వంలో ముద్గలుడు విమానంతో వచ్చిన దేవదూతను స్వర్గంలోని గుణదోషాలు అడుగుతాడు. అక్కడ పుణ్యఫలం అనుభవించడమే గాని కొత్తగా ఆర్జించడం లేదని, ఫలం తీరాక పతనం తప్పదని విని ఆ విమానాన్ని తిప్పి పంపుతాడు. స్వర్గం చాలదనే ఆలోచన ఇక్కడ పాతది. అమెరికా టెలివిజన్‌లో అది కొత్తగా వినిపించింది, అంతే.

ముద్గలుడితో పోలిక మరొక లోపాన్ని కూడా చూపుతుంది. ముద్గలుడు స్వర్గాన్ని కాదన్నాక సాధన సాగించాడు. చీడీ కెరటం మళ్లీ సముద్రంలో కలవడాన్ని బౌద్ధ ఉపమానంగా చెప్పి తలుపు దాటుతాడు. బౌద్ధంలో ఆ చింతనకు ఆధారం సాధన, కరుణ. ధారావాహిక ఉపమానాన్ని తీసుకొని, సాధనను వెనుక వదిలింది. భిక్షువంటే మౌనంగా కూర్చొనే ఆసియా ముఖమన్న తొలి సీజన్ పరిహాసం సరేసరి! అయితే అదే జేసన్ చివరిభాగంలో జానెట్‌కు ఇవ్వవలసిన హారం కోసం యుగాల పాటు అడవిలో నిశ్శబ్దంగా వేచివుంటాడు, తెలియకుండానే నిజమైన భిక్షువవుతాడు. వెళ్లకుండా ఇతరులకు పరీక్షలు రూపొందించే పనిలో మిగిలిన తహానీలో బోధిసత్త్వ లక్షణం కనిపిస్తుంది. విమర్శకుల దృష్టి తలుపు మీదే నిలిచిపోవడంతో ఈ రెండు పాత్రలకు దక్కవలసిన చర్చ దక్కలేదు.

4. టమాటా ప్రశ్న

అందరూ వాదించుకొన్న ముగింపు కంటే, ఎక్కువమంది వాదించని ఒక జారుడు పెద్దది. టమాటా కొనడమే పాపమయ్యే లోకాన్ని మూడో సీజన్ చూపింది. నాలుగో సీజన్ ఆ లోకాన్ని అలాగే వదిలి పరలోక నియమాలను మాత్రం మార్చింది. చనిపోయినవారు పరీక్షల్లో పదే పదే ఓడి, నేర్చుకొని, చివరకు అర్హులవుతారు. పొలంలో పురుగుమందు చల్లే కూలీకి ఈ సంస్కరణ వల్ల బతికుండగా ఒరిగేదేమీ లేదు. వ్యవస్థ చేసిన నేరాన్ని మరణానంతర వ్యక్తిగత శిక్షణగా కుదించడం ఉదారవాద హాస్యరచనకు అలవాటైన పరిమితి. షూర్ రచన ఆ గీత వరకు వచ్చి ఆగింది.

బతికున్న లోకం చివరిసారి కనిపించేది ఆఖరి దృశ్యంలోనే. తలుపు దాటిన ఎలినార్ వెలుగు కణాలుగా విడిపోతుంది. ఆ కణాలలో ఒకటి భూమిపై ఒక అపరిచితుడి మీద వాలుతుంది. పొరపాటున తన చేతికొచ్చిన ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసిన అతడు దాన్ని తిరిగి తీసి, మనిషిగా మారి భూమి మీద ఉంటున్న మైకేల్‌కు అందజేస్తాడు. ఆ ఉత్తరంలో ఉన్నది ఒక దుకాణం పంపిన కార్డు.